ఆఫ్‌లో ఉన్న తోట

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదు. వీడు కాలుగాలిన పిల్లి, వీడికి కుర్చీ పని అబ్బదని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చేసింది. చివరికి అబ్బింది కుర్చీ పనే. కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో, పైపుల అంగడి పైన రెండు గదుల ఆఫీసు మాది. బోరు మోటార్లకు బిగించే పెట్టెలు అమ్ముతాం. పెట్టె టిఫిను డబ్బా అంత ఉంటుంది, లోపల ఒక సిమ్ము ఉంటుంది. అది ఉంటే రైతు చేనికి పోకుండానే ఫోన్లో మోటారు వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. త్రీఫేజు కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసుకునేట్టు కూడా పెట్టుకోవచ్చు. మా ఓనరు మునుపు డ్రిప్పు పైపులు అమ్మేవాడు, ఊరూరా రైతులు తెలుసు. ఆయన అమ్ముతాడు, లోపలి సంగతి నేను చూస్తాను.

లోపలి సంగతి అంటే ఫైళ్లు. ఒక్కో పెట్టెకు మా సర్వర్లో ఒక్కో ఫైలు ఉంటుంది. అందులో పట్టుమని పది లైన్లుండవు. ఏ సర్వరుతో మాట్లాడాలి, కరెంటు వస్తే మోటారు ఆన్ కావాలా ఆఫ్‌లోనే ఉండాలా, ఎంతసేపు తిరగాలి, ఇంతే. పెట్టె మాటిమాటికీ సర్వరును అడుగుతుంది, కొత్తగా ఏమన్నా ఉందా అని. ఉంటే తెచ్చుకుని దాని ప్రకారం నడుచుకుంటుంది.

అన్ని ఫైళ్లలో ఒకే మార్పు చేయాల్సి వస్తే మొదట్లో ఒక్కోటి తెరిచి, దిద్ది, మూసేవాణ్ణి. నాలాంటివాడికి అంతకన్నా శిక్ష లేదు. మధ్యలో పదిసార్లు లేచి కిందికి పోయి టీ తాగి వచ్చేవాణ్ణి, వచ్చాక ఎక్కడ ఆపానో మర్చిపోయేవాణ్ణి. తర్వాత షెల్ స్క్రిప్టు రాయడం నేర్చుకున్నాను. నల్ల తెర మీద ఒక్క లైను. ఫైళ్లన్నీ వెతుకు, ఈ మాట ఎక్కడ కనబడితే అక్కడ ఆ మాట పెట్టు. ఎంటరు నొక్కి ఊపిరి వదిలేలోగా పని అయిపోతుంది. ఆ లైను మొదటిసారి పని చేసినరోజు నేను ఆఫీసులో ఒక్కణ్ణే లేచి నిలబడి నవ్వుకున్నాను.

కానీ దానికి ఒక గుణం ఉంది. అది ఏమీ అడగదు. నువ్వు చెప్పిన మాట కనబడితే చాలు, అక్కడ ఆ మాట ఎందుకుందో దానికి పట్టదు, మార్చేసి పోతుంది. అందుకే నాకు కొన్ని అలవాట్లు వచ్చాయి. ముందు వెతకడం మాత్రమే చేస్తాను, ఏ ఏ ఫైళ్లలో ఉందో కళ్లతో చూస్తాను. తర్వాత ఫైళ్లన్నిటికీ నకలు తీసి పక్కన పెడతాను. ఒక ఫైలు మీద నడిపి చూసి, అప్పుడు మిగతావి. ఇంత కుదురులేనివాడికి ఆ ఒక్కచోట ఇంత నిదానం ఎక్కడిదని మా ఓనరు ఎగతాళి చేసేవాడు. మడి కట్టుకుని వంట చేసినట్టు చేస్తావప్పా అనేవాడు.

ఇప్పుడు మా చిన్నమ్మ సంగతి చెప్పాలి. అమ్మకు చెల్లెలు. కడప జిల్లాలో, జమ్మలమడుగు దాటినాక వాళ్ల ఊరు. చిన్నాయన పోయినాక చీనీతోట ఆమే చూసుకుంటోంది. మా వైపు బత్తాయిని చీనీ అంటాం. చీనీతోటకు ఒక పద్ధతి ఉంది, బయటివాళ్లకు చెప్తే నమ్మరు. బాగా పూత రావాలంటే ముందు చెట్టును వాడబెట్టాలి. మార్గశిరంలో నీళ్లు పూర్తిగా ఆపేస్తారు. ఆకు వేలాడబడుతుంది, ముడుచుకుంటుంది, కొంత రాలుతుంది. చెట్టుకు ప్రాణభయం పుట్టించి, ఇంక తట్టుకోదు అన్న సమయానికి నీళ్లు వదిలితే అప్పుడు ఒళ్లంతా పూస్తుంది. మధ్యలో జాలిపడి ఒక తడి ఇచ్చారా, అది భయం మరిచి ఆకు వేసుకుంటుంది. ఆ ఏటికి పూత లేనట్టే.

చిన్నమ్మకు మనుషుల మీద జాలి తక్కువ, చెట్ల మీద ఎక్కువ. వాడబెట్టిన రోజుల్లో ఆమె నిలువుకాళ్ల మీద ఉంటుంది. పొద్దున తోటకు పోతుంది, పని ఏమీ ఉండదు, చెట్టు చెట్టుకూ ఆకు పట్టి చూస్తుంది, ఇంటికొచ్చి అన్నం ముందర కూర్చుంటుంది, తినకుండా లేస్తుంది. బోరులో నీళ్లు పెట్టుకుని చెట్టును ఎండగట్టడం ఆమెకు చేతకాదు. కాబట్టి వాళ్లవైపు చాలామంది చేసే పనే ఆమె కూడా చేసేది. స్టార్టరు డబ్బాలోని మూడు ఫీజులూ పెరికి, గుడ్డలో చుట్టి, ఇంటికి తెచ్చుకునేది. ఫీజులు లేకపోతే తోటలో మనసు కరిగినా మోటారు వేయలేదు కదా. ఇంటికొచ్చి తీసుకుని మళ్లీ పోయేలోపు బుద్ధి వస్తుందని లెక్క.

అయినా అంతకుముందు ఏడు ఆమె ఇంటికొచ్చి ఫీజులు తీసుకుని మళ్లీ పోయింది. ఒక్క తడి ఇచ్చింది. పూత రాలేదు. దాని ముందటేడు వాన పాడుచేసింది. రెండేండ్లు వరసగా కాపు లేదు. ఈసారీ పూత రాకపోతే తోట కొట్టిస్తానని ఆమె నిర్ణయించుకుంది. జేసీబీ అతనికి చెప్పి కూడా పెట్టింది. చిన్నాయన గుంత తవ్వి నాటిన చెట్లు అవి. కొట్టిస్తాను అని చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాకు భయం వేసింది.

అప్పుడు నేను నా పెట్టె తీసుకుపోయి, ఆమె స్టార్టరుకు మా కంపెనీ ఇచ్చే తాళమున్న కొత్త డబ్బా వేసి, పక్కన బిగించాను. ఆమె ముందరే ఫోన్లో ఆఫ్ పెట్టాను. ఈసారి ఫీజులు పెరకాల్సిన పని లేదు, మంచుకు తడిసిన డబ్బాలో చెయ్యి పెట్టి కరెంటుతో ఆటలాడొద్దు అని చెప్పాను. ఆఫ్ తీయాలంటే నాకు చెప్పాలి, నువ్వు ఏడ్చి మొత్తుకున్నా నేను తీయను అన్నాను. ఆమె పెట్టెను కాసేపు చూసింది. అప్పటికే పెరికి ఒళ్లో పెట్టుకున్న ఫీజుల్ని ఒక్కొక్కటే మళ్లీ డబ్బాలో గుచ్చింది.

"నువ్వు చెప్తాండావు గాబట్టి పెడతాండా. పెట్టెను జూసి గాదు," అంది.

అది జరిగిన రెండు వారాలకు ఆఫీసులో రెండు పనులు ఒకేసారి వచ్చి పడ్డాయి. మొదటిది, మా సర్వరు మారుతోంది. ప్రతి ఫైల్లోనూ పాత చిరునామా తీసి కొత్తది పెట్టాలి. దానికి స్క్రిప్టు రాసి సిద్ధంగా పెట్టాను, కొత్త సర్వరు ఇంకా లేవలేదు, సాయంత్రానికి లేస్తుందన్నారు. రెండోది, వోల్టేజీ దెబ్బకు చాలా పెట్టెలు వాటంతటవే ఆఫ్‌లోకి పోయి అక్కడే ఉండిపోయాయి. కరెంటు ఉన్నా మోటార్లు తిరగడం లేదు. రైతులు ఓనరుకు ఫోన్ల మీద ఫోన్లు. ఒకాయన ఉల్లి ఎండిపోతోందని తిట్టిన తిట్లు స్పీకరు పెట్టకుండానే నాకు వినబడ్డాయి.

ఓనరు నా బల్ల దగ్గరికి వచ్చి, ఆఫ్ అని ఉన్నచోటల్లా ఆన్ చేసి పారేయమన్నాడు. ఒక్క లైనే కదా అన్నాడు. ఒక్క లైనే, కానీ వోల్టేజీకి పడిపోయిన ఆఫూ, రైతు కావాలని పెట్టుకున్న ఆఫూ ఫైల్లో ఒకేలా ఉంటాయి అన్నాను. ఇది చీనీ వాడబెట్టే కాలం అని గుర్తు చేశాను. ఆయన నవ్వాడు. చీనీ రైతులకు డ్రిప్పు అమ్మినవాడు ఆయన, నేను చెప్పేదేముంది. వాడబెట్టేవాళ్లు ఫీజులు పెరుక్కుని పోతారులే, మన ఆన్ వాళ్లనేం చేస్తుంది అన్నాడు. సాయంత్రం దాకా ఆగమన్నాను, ఏ పంట ఎవరిదో చూసి విడదీస్తానన్నాను. సరేనన్నాడు. రిపేరుకిచ్చిన పెట్టెలు తెచ్చుకోవాలని నేను షేరాటో ఎక్కి కర్నూలు పోయాను.

తిరిగొచ్చేసరికి ఆయన నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మొహం చల్లగా ఉంది.

"అయిపోయింది పోప్పా. నీ లైను జూసే ఇంకో లైను రాసినా. ఒక్క నిమిషం పట్లేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆయన నా స్క్రిప్టునే తెరిచి, చిరునామా మార్చే లైను కింద ఆఫ్‌ను ఆన్ చేసే లైను పెట్టి, రెండూ కలిపి నడిపించాడు. ముందు వెతకలేదు. నకలు తీయలేదు. పెట్టెలన్నీ ఆన్ అన్న మాట తెచ్చుకున్నాయి, దానితోపాటు కొత్త చిరునామా కూడా తెచ్చుకున్నాయి. కొత్త చిరునామాలో పలికేవాడు లేడు. పాత సర్వరును అవి ఇంక అడగవు. ఫోన్లో నొక్కినా ఆ మాట సర్వరు మీదుగానే పోవాలి. అంటే ఆ సాయంత్రం దాకా ఒక్క పెట్టెకూ నా మాట వినబడదు. వాటికి తెలిసిందల్లా కరెంటు వస్తే మోటారు వేయడం.

ఉల్లి రైతు చల్లబడ్డాడు, ఓనరు ఆ సంతోషంలో ఉన్నాడు. నేను చిన్నమ్మకు ఫోను చేశాను. ఆమె ఊళ్లో లేదు. ఆత్మకూరులో కూతురింట్లో పిల్లకు పేరు పెడుతున్నారని ముందురోజే పోయింది. తోటలో పని లేని కాలం కాబట్టి అక్కడ మనిషెవరూ లేరు. సంగతి చెప్పాను. ఫీజులు డబ్బాలోనే ఉన్నాయి. డబ్బాకు తాళం ఉంది, తాళంచెవి ఆమె కొంగున ఉంది. ఆ వారం వాళ్ల ఊరికి మధ్యాహ్నం త్రీఫేజు. వెనక సన్నాయి వినబడుతోంది.

పక్క తోటాయనకు చెప్పి ఎట్లాగో ఆపిద్దామా అన్నాను. ఆయనతో ఆమెకు గట్టు తగాదా. చిన్నాయన ఉన్నప్పటి నుంచీ మాటల్లేవు.

"వానికి మాత్రం చెప్పొద్దు. తోట మునిగినా మునగనీ. వాని ముందర నేను చిన్నదాన్ని గాను," అంది.

నాకు ఒళ్లు మండింది. ఆమె మీదా, ఓనరు మీదా, ఆ సన్నాయి మీదా. తోట పోతుందని తెలిసి, రెండడుగుల గట్టు కోసం నోరు మూసుకునేవాళ్లు మా సీమలో తప్ప ఎక్కడుంటారు. కానీ ఆ మాట దాటి ఆయనకు ఫోను చేయడానికి నాకూ చెయ్యి రాలేదు. ఆమె అక్క కొడుకునే కదా.

మేము వేసే ఆ కొత్త డబ్బాలన్నిటికీ పట్టే కంపెనీ తాళంచెవి ఒకటి నా దగ్గర ఉంటుంది. దాన్ని జేబులో వేసుకుని మోటారుసైకిలు తీశాను. బనగానపల్లె దాకా ఎట్లా పోయానో గుర్తు లేదు. దారి పక్కన నాపరాళ్ల దుమ్ము, ఎదురుగా లారీలు, బుర్రలో ఒకటే లెక్క. కరెంటు ఇప్పుడు వచ్చి ఉంటుంది. మోటారు ఇప్పుడు లేచి ఉంటుంది. ఇప్పుడు మొదటి సాలు తడిసి ఉంటుంది. బండి ఎంత తోలినా ఆ లెక్క నాకంటే ముందే పోతోంది. కోయిలకుంట్లలో ఆగి నీళ్లు తాగుతూ, వాడబెట్టారని నాకు గట్టిగా తెలిసిన ఇద్దరు రైతులకు ఫోను చేశాను. జరిగింది చెప్పి, మోటారు తిరుగుతోందేమో చూడమని బతిమాలాను. ఇద్దరూ తాపీగా ఉన్నారు. ఒకాయన ఫీజులు ఇంట్లో బీరువాలో చీరల కింద ఉన్నాయన్నాడు. రెండో ఆయన నన్నే ఓదార్చాడు.

"నువ్వేం బాధపడాకప్పా. మీ డబ్బాను నమ్ముకోని ఎవురన్నా ఫీజులు వదులుతారా?" అన్నాడు.

ఒకరు వదిలారు. నేను చెప్పాను కాబట్టి వదిలారు. ఓనరు లెక్క అందరి విషయంలో సరిపోయింది, మా చిన్నమ్మ విషయంలో తప్ప. ఏడుపు రాలేదు కానీ హెల్మెట్ లోపల ఎవరినో తిడుతూనే పోయాను, ఎవరినో నాకే తెలియదు.

తోట చేరేసరికి పొద్దు వాలుతోంది. దూరం నుంచే మోటారు చప్పుడు వినబడింది. బండి గట్టు మీద పడేసి స్టార్టరు డబ్బా దగ్గరికి పరిగెత్తి, తాళం తీసి, మోటారు ఆపి, మూడు ఫీజులూ పెరికేశాను. చప్పుడు ఆగినాక చూస్తే డబ్బా వెనక నీడలో పక్క తోటాయన గొంతుక్కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఈ తోటలో ఆయన అడుగు పెట్టగా నేను చూడడం అదే మొదటిసారి.

మోటారు లేచిన కాసేపటికే ఆయనకు వినబడిందట. వాడబెట్టిన తోటలో చప్పుడేమిటని గట్టు దగ్గరికి వచ్చి పిలిచాడట. పేరు పెట్టి కాదు, ఎవరబ్బా ఆడ, అని. ఎవరూ పలకలేదు. డబ్బాకు తాళం. చూస్తూ ఉండగానే ముందు సాళ్లు తడుస్తున్నాయి. చివరికి గట్టు దిగి వచ్చి, డ్రిప్పుకు పోయే వాల్వు కట్టేసి, నీళ్లను బయటికి వదిలే రెండో వాల్వు తిప్పాడు. ఊరికే వంకలో పోనీయడమెందుకని తన పైపు తెచ్చి తగిలించి, నీళ్లు తన బుడ్డల చేన్లోకి, అదే వేరుశనగ చేన్లోకి, మళ్లించుకున్నాడు. ఇదంతా ఆయన తోటను చూస్తూ చెప్పాడు, నన్ను చూడలేదు.

"మీ చిన్నమ్మకు ఈ సంగతి చెప్పొద్దప్పా. నీళ్లు దొంగిలించినాడంటాది," అన్నాడు లేస్తూ.

తోటంతా తిరిగాను. బోరు దగ్గరి నాలుగైదు సాళ్లలో చెట్ల కింద చక్రాల్లాగా తడి ఉంది. అవతల అంతా ఎండిపోయి, నేల నెర్రెలిచ్చి, ఆకులు ముడుచుకుని, చెట్లు చూడలేనట్టుగా ఉన్నాయి. అంత దిగులుగా ఉన్నవాటిని చూసి అంత సంతోషపడడం నా జన్మలో లేదు.

చిన్నమ్మ మరుసటిరోజు పొద్దున బస్సు దిగి సీదా తోటకే వచ్చింది. నేను ఏమీ చెప్పలేదు, పక్క తోటాయనకు మాట ఇచ్చినట్టయింది కదా. ఆమె తడిసిన సాళ్లు చూసింది. వాల్వులు చూసింది. గట్టు మీదికెక్కి అవతలి చేను చూసింది. చుట్టూ ఎండిన నేలల మధ్య పక్క బుడ్డల చేను నల్లగా తడిసి ఉంది. ఆమెకు చెప్పాల్సిందేమీ మిగల్లేదు. తిడుతుందనుకున్నాను, ఆయన్నో నన్నో. కొంగు దులిపి ఇంటికి పోదాం రా అంది.

కొత్త సర్వరు లేచింది, ఫైళ్లన్నీ నేను ఒక్కోటి చూసి సరిచేశాను. ఓనరు మాత్రం, చెప్పినా గదప్పా వాడబెట్టేవాళ్లు ఫీజులు పెరుకుతారని, మీ చిన్నమ్మ పెరకలేదని నాకేం తెలుసు, అన్నాడు. తర్వాత తోటకు నీళ్లు వదిలారు. బోరు దగ్గరి సాళ్లు లేతాకు వేసుకుని నిగనిగలాడాయి, ఒక్క పువ్వు లేదు. మిగతా తోట పూసింది. ఆ వాసన దారిదాకా వచ్చింది. జేసీబీ అతను అడగడానికి వస్తే చిన్నమ్మ మజ్జిగ ఇచ్చి పంపించింది.

మళ్లీ మార్గశిరం వచ్చింది. పోయినేడు జరిగింది మనసులో పెట్టుకుని నేనే ముందుగా ఫోను చేశాను. పెట్టెను నమ్మొద్దు, ఫీజులు పెరుకు అన్నాను. అప్పుడే పెరికేశానంది. ఇంట్లో పెట్టుకుంటే నువ్వు ఆగలేవు, నాకు పంపించు, నా బల్ల సొరుగులో పెట్టుకుంటాను అన్నాను. ఆ మాట చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆమె మళ్లీ నన్ను నమ్మి ఒక్కటన్నా నా చేతికివ్వాలని ఉండింది నాకు.

"నీకిస్తే పొద్దున ఏడ్చి అడిగితే మాపటికి బండేసుకోని వస్తావు. నిన్ను నేనెరగనా. పక్కోని దగ్గరుండాయి," అంది.

ఏ పక్కోడు అన్నాను, తెలిసి కూడా.

"గట్టు మీద పెట్టి దగ్గినా. వాడొచ్చి ఎత్తుకపోయినాడు. వానితో నాకు మాటల్లేవు గదా. సచ్చినా పోయి అడగను."

ఫోను పెట్టేసి ఆమె ఫైలు తెరిచి చూశాను. ఆఫ్ అని ఉంది. ఊరికే కాసేపు దాన్ని చూస్తూ కూర్చుని, కిందికి పోయి టీ తాగొచ్చాను.